ఆకలికి పెట్టిన పరీక్షలు: ధాత కరువు నుంచి రేషన్ వేలిముద్ర దాకా

ఈ ఎపిసోడ్ మన పడమటి ప్రకాశం గురించి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం. కానీ మొదలుపెట్టేది మాత్రం హైదరాబాద్ నుంచి.

హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఐదు రూపాయల భోజనం క్యాంటీన్ దగ్గర క్యూ ఎప్పుడైనా చూశారా? 2014 మార్చిలో జీహెచ్‌ఎంసీ వాళ్లు హరేకృష్ణ మూవ్‌మెంట్‌తో కలిసి అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. ఆ క్యూలో భవన నిర్మాణ కూలీలు ఉంటారు, కోచింగ్ పిల్లలు ఉంటారు, డెలివరీ బాయ్స్ ఉంటారు. కోటిన్నర, రెండు కోట్ల ఫ్లాట్లు లేస్తున్న వీధి పక్కనే, ఆ ఫ్లాట్లకి ఇటుక మోసే మనిషి ఐదు రూపాయల అన్నం కోసం నిలబడి ఉంటాడు. ఆ మనిషిని "ఏ ఊరు అన్నా" అని అడిగి చూడండి. మా వైపు ఊరి పేరు చెప్పేవాళ్లు తక్కువేం ఉండరు.

నేను ఈ క్యూ గురించి చాలా రోజులు ఆలోచించాను. డబ్బున్న చోట ఆకలి ఏంటి అని మనం ఆశ్చర్యపోతాం కదా. చరిత్ర చదివితే ఆ ఆశ్చర్యం పోతుంది. మన ప్రాంతంలో జనం ఆకలితో చచ్చిపోయిన రోజుల్లో కూడా గింజలు ఉన్నాయి. కాస్త దూరంలో, గాదెల నిండా ఉన్నాయి. ఆ గింజకీ ఈ నోటికీ మధ్య ఏం అడ్డం పడింది అనేదే ఇవాళ్టి కథ.

ముందు ఒక పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి గుండ్లకమ్మ నది ఎక్కడ పుడుతుందో చూడండి. మన నల్లమలలోనే. కంభం చెరువు నింపేది అదే. అక్కడి నుంచి మార్కాపురం వైపు వచ్చి, తూర్పుకి తిరిగి, ఒంగోలు దాటి సముద్రంలో కలుస్తుంది. ఈ నది పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంకో విషయం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రకాశం జిల్లాలోకి వచ్చింది 1970లో. అంతకు ముందు ఇవన్నీ కర్నూలు జిల్లా. అందుకే పాత రికార్డుల్లో మన ఊళ్ల కరువు గురించి వెతకాలంటే ఒంగోలు కింద కాదు, కర్నూలు కింద వెతకాలి. అప్పటి కర్నూలు జిల్లా లెక్కలు చూస్తే మాత్రం గుండె ఆగినంత పని అవుతుంది. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య ఆ జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. పదేళ్లలో పెరగాల్సిన జనం పెరగలేదు సరికదా, ప్రతి నలుగురిలో ఒకరు లేరు.

మధ్యలో వచ్చింది ధాత కరువు. 1876లో ధాత నామ సంవత్సరంలో వానలు ఎగ్గొట్టాయి కాబట్టి ఆ పేరు. 1878 దాకా సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి దక్కను అన్నీ కలిపి 50 లక్షలకు పైగా మనుషులు పోయారని చరిత్రకారుల లెక్క. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నాయి.

సరే, వాన పడలేదు, పంట పోయింది, జనం చనిపోయారు. ఇంతేనా? ఇక్కడే ఆగి చూడాలి.

దీనికి 40 ఏళ్లకు పైగా ముందు, 1832-33లో, నందన నామ సంవత్సరంలో గుంటూరు వైపు ఘోరమైన కరువు వచ్చింది. డొక్కల కరువు అని మన పెద్దోళ్లు అనేది దాన్నే. ఐదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారంటారు. ఆ దెబ్బ తర్వాతే గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, 1855 నాటికి కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్టలు వచ్చాయి. కాటన్ దొర పేరు మీకు తెలుసు. అంటే ఇవాళ మనం చూసే పచ్చటి డెల్టా, ఆ కాలవలు, ఆ మేడలు, వాటి పునాదిలో ఒక కరువు ఉంది.

కాలవలు ఎక్కడిదాకా పారాయో అక్కడిదాకా ఆకలి వెనక్కి తగ్గింది. కాలవ అందని పడమటి దిక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ధాత కరువులో జరిగింది ఇదే. డెల్టాలో వరి పండింది. ధర ఆకాశానికి ఎక్కింది. అక్కడి రైతులకి, వర్తకులకి బాగానే గిట్టింది. మన వైపు జొన్న, సజ్జ, కొర్ర ఏదీ లేదు. కొనడానికి డబ్బు లేదు, ఎందుకంటే పొలంలో పని లేదు. పని లేకపోతే కూలి లేదు. మగ్గం నేసేవాడి బట్ట కొనేవాడు లేడు. గింజ డబ్బున్న చోటికి పోతుంది కానీ ఆకలి ఉన్న చోటికి పోదు. అమర్త్యసేన్ 1981లో పుస్తకం రాసి ప్రపంచానికి చెప్పిన మాట ఇదే. కరువు అంటే తిండి లేకపోవడం కాదు, తిండి మీద హక్కు చేజారిపోవడం అని.

పైగా మన వైపు అప్పటికి రైలు లేదు. దగ్గరి రైలు మార్గం అంటే కడప, గుత్తి మీదుగా రాయచూరు పోయే లైను. అక్కడి నుంచి నంద్యాల, నల్లమల కనుమ, అవతల గిద్దలూరు. ఎడ్ల బండి మీద. ఎద్దులకి మేత లేదు, నీళ్లు లేవు. గింజల్ని మోయాల్సిన ఎద్దులే ముందు చచ్చిపోయాయి.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. నాకు బాగా కోపం తెప్పించే భాగం ఇది, కొంచెం ఓపిగ్గా వినండి.

ప్రభుత్వం పనులు పెట్టింది. రోడ్లు వేయడం, చెరువులు తవ్వడం, కంకర కొట్టడం. పని చేస్తే గింజలు, కొంచెం డబ్బు. మొదట్లో మగ మనిషికి రోజుకి పౌండున్నర గింజలు, ఒక అణా. ఇది చాలా ఎక్కువ అని కలకత్తాలో కూర్చున్న వైస్రాయి లిట్టన్‌కి అనిపించింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా మహారాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు చేశారు కదా, అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆయన్ని మద్రాసుకి పంపారు, ఖర్చు తగ్గించి రమ్మని.

ఈ టెంపుల్ కథ విచిత్రం. 1874లో బీహార్లో కరువొస్తే ఇతనే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అక్కడ ఆకలి చావులు దాదాపు లేవు. దానికి మెచ్చుకోవాల్సింది పోయి, ఇంత డబ్బు తగలేశావేంటని లండన్‌లో తిట్టారు. పాపం ఆయన పాఠం నేర్చుకున్నాడు. తప్పు పాఠం. మద్రాసుకి వచ్చి పౌండున్నరని ఒక పౌండు చేశాడు. అంటే 450 గ్రాములు. దానికి ఒక అణా. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి. చరిత్రలో దీనికి టెంపుల్ కూలి అని పేరే పడిపోయింది.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఈ తిండితో ఈ పని చేస్తే మనిషి బతకడు అని లెక్కలు వేసి చూపించాడు. కొన్ని నెలలకి కూలి మళ్లీ పెంచారు. ఆ కొన్ని నెలల్లో పోయినవాళ్లు మాత్రం పోయారు.

తిండి తగ్గించడం ఒకటే కాదు. ఒంట్లో శక్తి ఉన్నవాడు సాయం కావాలంటే సొంతూరికి కనీసం పది మైళ్ల దూరంలో ఉన్న క్యాంపుకి వెళ్లాలి. దీనికి దూర పరీక్ష అని పేరు. పనిలో కష్టం ఒక పరీక్ష. ఎందుకు ఇవన్నీ? నిజంగా ఆకలిగా ఉన్నవాడు పది మైళ్లు నడుస్తాడు, ఉత్తినే తినాలనుకునేవాడు నడవడు అని వాళ్ల లాజిక్. ఒక్క నిమిషం ఆలోచించండి. పది రోజులు తిండి లేని మనిషి పది మైళ్లు నడవగలడా? ఆ పరీక్షలో ఫెయిల్ అయ్యేది దొంగ కాదు, అందరికంటే ఎక్కువ ఆకలితో ఉన్నవాడే.

ఇప్పుడు గుండ్లకమ్మ దగ్గరికి వద్దాం.

ఒంగోలులో జాన్ క్లౌ అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మన వైపు పాత పేరు క్లౌ దొర. ఆయన కూడా కరువు పనుల్లోకి దిగాడు. అప్పుడు తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు, మద్రాసు గవర్నర్ పేరే దానికి పెట్టారు. క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. మతం చెప్పే మనిషికి కాలువ కాంట్రాక్టు ఎందుకు? ఎందుకంటే ప్రభుత్వ పనుల దగ్గర మేస్త్రీలు, పర్యవేక్షకులు పై కులాల వాళ్లు. మాదిగ, మాల కూలీలు అక్కడికి పోతే తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు. పరీక్షలు ప్రభుత్వం పెట్టినవే కాదు, ఊరు పెట్టినవి కూడా ఉన్నాయన్నమాట. క్లౌ తన మనుషుల్నే, ఎక్కువగా మాదిగ బోధకుల్నే పర్యవేక్షకులుగా పెట్టాడు. వేల మంది అక్కడ పని చేసి బతికారు.

ఆయన ఇంకో పని చేశాడు. కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారు అనే మాట రాకూడదని. సాయం పంపిణీ అయిపోయాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన వెలుంపల్లి దగ్గర, ఇదే గుండ్లకమ్మలో, ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ప్రపంచంలో మిషనరీ చరిత్ర రాసేవాళ్లందరూ ఈ అంకె రాస్తారు. తర్వాత్తర్వాత కంభం, మార్కాపురంలో కూడా మిషన్ స్టేషన్లు వచ్చాయి. ఇవాళ మన వైపు చాలా పల్లెల్లో ఉన్న బాప్టిస్టు చర్చిల మూలం అక్కడుంది. అన్నం కోసమే మారారని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నా మాట అడిగితే, అన్నం అయిపోయాక వచ్చినవాళ్లని ఆ మాట అనడం అన్యాయం. నువ్వు కూడా మనిషివే అని పని దగ్గర ఎవరు చూశారో జనం గుర్తుపెట్టుకున్నారు.

కర్నూలు జిల్లాలోనే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఉండేవాడు. కరువు రోజుల్లో తన గాదెలు తెరిచి వేల మందికి అంబలి కాచి పోశాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన మీద పాట ఇప్పటికీ రాయలసీమలో పాడతారు. అలాంటివాళ్లు ఉండబట్టి కొంతమంది బతికారు. కానీ ఒక జిల్లాకి ఒక వెంగళరెడ్డి సరిపోడు.

కరువు అయిపోయాక ప్రభుత్వం కమిషన్ వేసింది. 1880లో రిపోర్టు వచ్చింది. దాని మీదే తర్వాత కరువు కోడ్‌లు తయారయ్యాయి. ఎప్పుడు పనులు మొదలుపెట్టాలి, ఎంత కూలి ఇవ్వాలి, పని చేయలేని ముసలివాళ్లకి ఏం ఇవ్వాలి అని. అదే రిపోర్టు కరువు ప్రాంతాలకి రక్షణ రైల్వేలు వేయమంది. అలా వచ్చిందే బళ్లారి కృష్ణా స్టేట్ రైల్వే. గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ, గుంటూరు, బెజవాడ. 1890 నాటికి పూర్తయింది. మీరు రాత్రి మార్కాపురం రోడ్డులో ఎక్కి పొద్దున్నే దిగే రైలు పోయే దారి ఇదే. సరదాగా వేసిన లైను కాదది, ధాత కరువు చావుల మీద వేసిన లైను. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో పాత దొరబావి వంతెన స్తంభాలు యూట్యూబ్‌లో డ్రోన్ షాట్లలో చూసే ఉంటారు. 1884-87 మధ్య కట్టింది. బ్రాడ్‌గేజ్ వచ్చాక వదిలేశారు. రీల్స్‌కి మంచి బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది, అది వేరే సంగతి.

రైలు వచ్చింది కానీ నీళ్లు రాలేదు. వెలిగొండకి 1996లో మొదటి శంకుస్థాపన. ఆ కథ ఒక ఎపిసోడ్‌లో అయ్యేది కాదు.

పరీక్ష లేని అన్నం మన వైపు ఉందా అంటే, ఉంది. శ్రీశైలం దారిలో సత్రాలు ఉన్నాయి, కానీ వాటిలో చాలావాటికి బోర్డు మీద కులం పేరు ఉంటుంది. కాశినాయన సత్రాలు అలా కాదు. కాశినాయన అవధూత. నెల్లూరు జిల్లా సీతారామపురం వైపు పుట్టి, నల్లమల అంతా తిరిగి, పాడుబడ్డ గుళ్లు బాగుచేసి, తిరిగిన చోటల్లా అన్నదానం పెట్టించాడు. 1995లో పోయారు. కడప జిల్లాలో జ్యోతి క్షేత్రం, మన గిద్దలూరు చుట్టుపక్కల ఆశ్రమాలు. వెళ్లి కూర్చుంటే విస్తరి వేస్తారు. నువ్వెవరు, ఏ ఊరు, ఏ కులం, కార్డు ఉందా, ఏదీ అడగరు. లారీ డ్రైవర్లు తింటారు, గొర్రెల కాపర్లు తింటారు, కారు దిగినవాళ్లూ తింటారు. బియ్యం, పప్పు రైతులు బస్తాలు బస్తాలు తెచ్చి పోస్తారు. 2025 మార్చిలో జ్యోతి క్షేత్రంలో కొన్ని కట్టడాల్ని అటవీ శాఖ కూల్చినప్పుడు మన వైపు ఎంత గొడవ అయిందో చూశారు కదా. చివరికి మంత్రి లోకేష్ క్షమాపణ చెప్పి మళ్లీ కట్టిస్తామన్నారు.

కానీ అడవిలో పెట్టే అన్నం ఆ దారిన పోయేవాడికే. ఇంట్లో పొయ్యి మీదికి గింజ రావాలంటే ప్రభుత్వమే ఇవ్వాలి. 1982లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి, కర్నూలు మనిషే, ఎన్నికల ముందు ఒక రూపాయి 90 పైసలకే ఇస్తామని మొదలుపెట్టారు. పది పైసల పోటీ! 1983లో ఎన్టీఆర్ గెలిచారు, రెండు రూపాయల బియ్యం వచ్చింది. మా పెద్దవాళ్లు దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారిపోతుంది. అంతకు ముందు వరి అన్నం పండగ రోజు తిండి. మామూలు రోజుల్లో సజ్జ రొట్టె, జొన్న సంగటి, కొర్ర అన్నం. ఇప్పుడు అదే కొర్రలు సూపర్ మార్కెట్లో సోనా మసూరి కంటే ఎక్కువ ధర. కాలం ఎలా తిరిగిందో చూడండి.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. మనిషికి నెలకి ఐదు కిలోలు, హక్కుగా. 2023 నుంచి ఉచితం. లెక్క వేస్తే రోజుకి 166 గ్రాములు. టెంపుల్ ఇచ్చిన 450 గ్రాముల కంటే తక్కువే. అది రోజంతా పనికి ఇచ్చే కూలి, ఇది ఇంట్లో ప్రతి మనిషికీ ఊరికే ఇచ్చే సాయం, రెండూ ఒకటి కావు. అయినా పని దొరకని నెలలో దీనితో మాత్రమే ఇల్లు గడవదు అని ఆ అంకె చెబుతోంది. అందుకే జనం గుంటూరు మిరప కోతలకి, హైదరాబాద్, బెంగళూరు కట్టుబడి పనులకి పోతారు.

ఇలా పోయినప్పుడు మళ్లీ దూర పరీక్ష ఎదురవుతుంది. కార్డు గిద్దలూరులో, కడుపు హైదరాబాద్‌లో. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఇంటికి బయల్దేరిన జనాన్ని పొందుగల దగ్గర సరిహద్దులో ఎలా ఆపేశారో గుర్తుందిగా.

2021లో రేషన్ వ్యాన్లు ఇంటి ముందుకి వచ్చాయి. 2025 జూన్ నుంచి మళ్లీ షాపులే, 65 ఏళ్లు దాటినవాళ్లకి, వికలాంగులకి మాత్రం ఇంటికి తెచ్చిస్తారు. రెండు పద్ధతుల్లోనూ మిషన్ మీద వేలు పెట్టాలి. మన మార్కాపురం పలకల పని చేసినవాళ్ల వేళ్లు ఎప్పుడైనా చూశారా? రాయి, సిమెంటు, మట్టి పని చేస్తే వేలి గీతలు అరిగిపోతాయి. మిషన్ ఒప్పుకోదు. కష్టపడ్డవాడి చెయ్యే వాడి మీద సాక్ష్యం చెప్పదు. కనుపాపతో చూసే ఏర్పాటు కూడా ఉంది, డీలర్‌ని గట్టిగా అడగాలి.

ఇక అసలు చెప్పాల్సింది, షేర్ చేయాల్సిందీ ఇదే. 2019 ఆగస్టు 9 నుంచి ఆంధ్ర, తెలంగాణ మధ్య రేషన్ పోర్టబిలిటీ ఉంది. దేశంలో మొదట మొదలైన రెండు జతల్లో మనది ఒకటి, ఇంకోటి గుజరాత్, మహారాష్ట్ర. అంటే గిద్దలూరు కార్డు ఉన్న మనిషి కొండాపూర్‌లో రేషన్ షాపుకి పోయి, వేలు పెట్టి, తన వాటా బియ్యం తీసుకోవచ్చు. కార్డు ఊళ్లోనే ఉన్నా పర్లేదు, నంబరో ఆధారో చాలు. సగం మంది హైదరాబాద్‌లో, సగం ఊళ్లో ఉంటే వాటా పంచుకుని కూడా తీసుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది: కార్డు కేంద్ర చట్టం కింద ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకి పక్క రాష్ట్రంలో ఇవ్వరు. మీ ఇంట్లో కార్డు ఏ రకమో మేరా రేషన్ యాప్‌లో చూడొచ్చు. షాపువాడు లేదు పొమ్మంటే 1967కి ఫోన్ చేయండి.

మీ నాన్న, బాబాయి, మేనమామ ఎవరైనా సిటీలో పనిలో ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి అడగండి, బియ్యం తీసుకుంటున్నారా అని. వచ్చే ఎపిసోడ్‌లో కంభం చెరువు దగ్గరికి పోదాం.